ముందు మేకకు పెట్టాలి

బొల్లిమేక పొదుగు మీద చెయ్యి వేసీ వేయగానే ఆదిశేషమ్మ వెనక్కి లాక్కుంది. పొదుగు మెత్తగా లేదు. రాయిలా గట్టిపడి, అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలుతోంది. భయపడుతూనే చన్ను పట్టి పిండింది. పాలు రాలేదు. విరిగిన పాల నీళ్లలాంటివి రెండు చుక్కలు చెంబులో పడి, అంతటితో ఆగిపోయాయి. రోజూ కాలు ఝాడించి చెంబును తన్నే గయ్యాళి మేక ఇవాళ తల వేలాడేసి, మెడ కింద వాపుతో, ఎగపోస్తూ నిలబడింది.

"ఏందే తల్లీ? నిన్నటిదాకా బాగానే ఉంటివి కదే! ఏమైందే నీకు?"

మేక ఏం చెబుతుంది! చెప్పాల్సిన జవాబు ఆదిశేషమ్మకే తట్టింది. తట్టగానే పై ప్రాణాలు పైనే పోయాయి. దొడ్డి వాకిట్లోంచి ఇంట్లోకి చూసింది. మంచం మీద కూతురు మధులత గోడకు ఆనుకుని కూర్చుని, నెల కూడా నిండని కొడుక్కి పాలిస్తోంది. ఆమె తల పైన కిటికీలో రెండు బటర్ ఫ్రూట్లు మాగి నల్లబడి ఉన్నాయి.

మేక తిన్న కాయే కూతురూ తిన్నది. ఇద్దరికీ పెట్టింది ఆదిశేషమ్మే.

ఈ కాయ గొడవేమిటో ముందు చెప్పుకోవాలి. ఆదిశేషమ్మ ఇల్లు ఉదయగిరి బయట, వరికుంటపాడు రోడ్డు మీద. రెండు గదుల మిద్దె, పక్కన కంపతో కట్టిన మేకల దొడ్డి. మొగుడు కామయ్య ఎండాకాలం వస్తే గొర్రెలను తోలుకుని మేత దొరికే ఊళ్లు వెతుక్కుంటూ పోతాడు, వానలు పడితేగాని రాడు. మేకలు, ఇల్లు, కూతురి పురుడు, అన్నీ ఈవిడ నెత్తినే. కొండవైపు పచ్చిపుల్ల కూడా మిగలని ఎండలు కదా, మేకలకు మేత కోసం ఆదిశేషమ్మ రోజూ బస్టాండు దగ్గర నాగార్జున పండ్ల కొట్టుకు పోతుంది. నాగార్జున భార్య శ్రీదివ్య కొట్టు ముందర జ్యూసులు చేసి అమ్ముతుంది. ఆ అమ్మాయి మిగిలిన తొక్కలన్నీ గోతంలో వేసి ఉంచితే, ఈవిడ ఎత్తుకొచ్చి మేకల ముందు పోస్తుంది. బదులుగా శ్రీదివ్య ఇంటికి చెంబెడు మేకపాలు. ఏళ్ల తరబడి అలా జరిగిపోతోంది.

ఈ ఎండాకాలం శ్రీదివ్య బెంగళూరు నుంచి కొత్త పండు తెప్పించింది. మిల్క్‌షేకులకు గిరాకీ తెగ పెరిగింది.

"ఏంది పాపా ఈ కాయ? వంకాయకీ సొరపిందెకీ మధ్య పుట్టినట్టుండాది."

"బటర్ ఫ్రూటక్కా. వెన్నపండు అంటారు, అవకాడో అని కూడా అంటారు."

"తియ్యంగుంటాదా?"

"తీపే ఉండదు. అదే దీని గొప్ప. పండంటే చక్కెర కదా, దీంట్లో చక్కెర లేనట్టే లెక్క. కొవ్వు ఉండాది గానీ అది గుండెకి మంచి చేసే కొవ్వు. పీచు ఉండాది, కడుపు సాఫీగా జరుగుతాది. పొటాషియం అయితే అరటిపండు కంటే ఎక్కువ. ఫోలేట్ అని ఒకటుండాది, ఒంట్లో రక్తం ఊరేదానికి అది కావాల. మీ మధులతకి కాన్పులో రక్తం బాగా పోయిందన్నావే? రోజుకి సగం కాయ పెట్టు. మనిషి తేరుకుంటాది."

శ్రీదివ్య ఫోనులో చూసి కంఠతా పట్టిందో, చదువుకుందో గానీ చెప్పడం మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆదిశేషమ్మకు గుండె, పీచు అన్నీ గాలికి పోయి, రక్తం ఊరుతుందన్న మాటొక్కటే మనసులో దిగింది. మధులతకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచి, కాన్పయ్యి, పిల్లాడు దక్కాడు గానీ కూతురు పాలిపోయి సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

అయితే చేజర్లలో వియ్యపురాలు రామసుబ్బమ్మ ఉందే, ఆవిడ పురిటికి పంపేటప్పుడే ఖండితంగా చెప్పింది. "నెల నిండేదాకా పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కాయం మందు. కొత్త కూర, కొత్త పండు నోట పెట్టినారంటే నేనూరుకోను." బాలింత పథ్యం అంటే ఆవిడకు దేవుడి మాట. అందుకని ఆదిశేషమ్మ ఆ పండును కొంగులో దాచుకుని తెచ్చింది.

తెచ్చి, కూతురికి పెట్టే ముందు తన పద్ధతి ప్రకారం మేకకు పెట్టింది. వాళ్ల వంశంలో అదొక కట్టు. తెలియని ఆకు, తెలియని కాయ, తెలియని గడ్డ ఏదొచ్చినా ముందు మేకకు పెట్టాలి. మేక తిని, నెమరేసి, తెల్లారి లేచి నిలబడితే మనిషి తినొచ్చు. ఆదిశేషమ్మ అవ్వ కరువు రోజుల్లో అడవి గడ్డల్ని ఇలాగే తేల్చుకుని ఇంటిల్లిపాదినీ బతికించిందట. మధులత పడీపడీ నవ్వుతుంది. "బిస్కెట్ పాకెట్ తెచ్చినా ముందు మేకకేనా అమ్మా?" అంటుంది. నవ్వితే నవ్వనీ! ఆదిశేషమ్మ బిస్కెట్ కూడా మేకకు పెట్టే మనిషే.

తోలు ఒలిచి బొల్లికి వేసింది. బొల్లి కసకసా నమిలింది. తెల్లారి చెంగుమని లేచింది. ఇంకేం కావాలి? లోపలి గుజ్జు కాస్త పాలు, బెల్లం కలిపి పిసికి కూతురి చేతికిచ్చింది. అత్తకు తెలియకుండా తినడంలో ఉన్న రుచి కూడా కలిసిందేమో, మధులత గిన్నె నాకి మరీ పెట్టింది. అది మొదలు రోజూ గుజ్జు కూతురికి. శ్రీదివ్య కొట్టు నుంచి వచ్చే గోతాల నిండా తోళ్లు, గింజలు మేకలకు. ముందు నిలబడి, మిగతావాటిని కొమ్ములతో కుమ్మి, ఎక్కువ తినేది బొల్లి. మధులత మొహంలో రంగు తేలింది కూడా. ఆదిశేషమ్మ తనను తాను మెచ్చుకుంది.

ఇప్పుడు ఆ బొల్లి పొదుగు రాయైపోయింది.

ఆదిశేషమ్మ చెంబు అక్కడే పడేసి ఇంట్లోకి ఉరికింది. "మధూ, బిడ్డని ఇట్టా ఇయ్యి."

"తాగుతుండాడు కదమ్మా."

"ఇయ్యమంటే ఇయ్యవేందిమే! నీ పాలు చలవ చేసినాయి. వాడికి ముక్కు దిబ్బడేసుండాది. రెండు రోజులు నీ పాలొద్దు."

పిల్లాడు రొమ్ము వదలనని గోల పెట్టాడు. ఆదిశేషమ్మ వాణ్ణి లాక్కుని గుండెకు అదుముకుంది. మధులత బిత్తరపోయి చూసింది. పెద్దవాళ్ల చాదస్తం అనుకుని ఊరుకుంది. పిల్లాడికి పాలు కావాలి కదా. ఆదిశేషమ్మ తక్కిన మేకల్లో రెండింటిని పిండి, ఆ పాలు కాచి, నీళ్లు కలిపి, ఉగ్గుగిన్నెతో పట్టింది. వాడు సగం తాగి సగం కక్కాడు. కిటికీలో పండ్లు రెండూ తీసుకెళ్లి గుంట తవ్వి పూడ్చేసింది.

మధ్యాహ్నానికి బొల్లి ముందుకాళ్ల మీద వాలి, అలాగే పక్కకు ఒరిగిపోయింది.

ఆదిశేషమ్మ ఏడవలేదు. ఏడిస్తే లోపల కూతురికి వినబడుతుంది. కొంగు నోట్లో కుక్కుకుని దొడ్డి మూల కూలబడింది. బొల్లి పోయినందుకు బాధ కూడా కాదది, ఒట్టి భయం. మేక తిన్న ఎన్నాళ్లకు పోయింది? కూతురు తినడం మొదలుపెట్టి ఎన్నాళ్లయింది? మేక కంటే మనిషి పెద్దది కదా, ఆలస్యంగా ఎక్కుతుందా? ఈ లెక్కలే తిప్పి తిప్పి వేసుకుంది. ఎటు తిప్పినా చివరికి మధులత దగ్గరికే వచ్చి ఆగాయి.

మర్నాడు ఎర్రమేక పొదుగు కూడా గట్టిపడింది. ఆదిశేషమ్మ ఇంకా దాన్ని తడుముతుండగానే లోపలి నుంచి మూలుగు వినబడింది.

మధులత ఒళ్లు పెనంలా కాలుతోంది. రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని ముడుచుకుపోయి ఉంది. "అమ్మా, రాళ్లు కట్టినట్టుండాది. చెయ్యి తగిలితే ప్రాణం పోతుండాది. వాణ్ణి ఇయ్యమ్మా, తాగితే సులువైతాది."

ఆదిశేషమ్మ రవిక మీద చెయ్యి వేసింది. మేకల్ని పిండీ పిండీ కాయలు కాచిన చెయ్యి అది. పొదుగు ఎలా ఉందో చూడకుండా చెప్పగల చెయ్యి. ఆ చేతికి తెలిసింది. అదే గట్టిదనం, అదే వేడి. మంచంకోడు పట్టుకుంది.

"ఇయ్యమ్మా వాణ్ణి."

"వద్దు! నీ పాలు వాడికి పట్టొద్దు!" అని కేక వేసింది. ఆ కేకకు పిల్లాడు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు. మధులత కూడా ఏడ్చింది.

ఆసుపత్రికి తీసుకుపోవాలి. తెలుసు. తీసుకుపోతే డాక్టరు ఏం పెట్టావని అడుగుతారు. చెప్పాలి. చెబితే చేజర్లకు తెలుస్తుంది. రామసుబ్బమ్మ వీధిలో నిలబడి, కన్నకూతురికే విషం పెట్టింది చూడండర్రా అంటుంది. అంటే అననీ, అది కాదు ఆదిశేషమ్మను పట్టుకుని ఆపింది. డాక్టరు "అవును, ఇంక చేసేదేం లేదు" అంటే? చివరికి ఏం చేసిందో తెలుసా? బతుకంతా మేకలతో గడిపిన మనిషి కదా, మేకల డాక్టరు దగ్గరికి పోయింది. మేక గురించి అడిగితే కూతురి గురించి తెలిసిపోతుంది, కూతురి పేరు ఎత్తక్కరలేదు.

ఇంటి పక్క తిరుపాలు భార్యను పిల్లాడి దగ్గర కూర్చోబెట్టి, ఆటో ఎక్కి పశువుల ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ డాక్టరు శిల్ప, చిన్నమ్మాయి. బూట్లు వేసుకుని ఎవరి గేదెకో సూది వేసి వస్తోంది.

"మేడమ్, మా మేకకి పొదుగు రాయైపోయినాది. ఒకటి నిన్న చచ్చిపోయింది. ఇంకోదానికీ అట్టే అయ్యింది. బతుకుతాదా?"

"ఏం మేసినాయి?"

ఆదిశేషమ్మ కొంగు ముడి విప్పి ఎండిన తోలు ముక్క తీసి చూపించింది. శిల్ప దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. మొహం మారింది.

"అవకాడో తోలు! ఎంత పెట్టావు?"

"గోతాల్లెక్కన. తోలు, గింజలు. రోజూ."

"అయ్యో! దీని ఆకు, తోలు, గింజ మేకలకి విషం పెద్దమ్మా. పొదుగు గట్టిపడతాది, పాలు ఎండిపోతాయి, ఎక్కువైతే గుండె దెబ్బ తింటాది. చెట్లున్న ఊళ్లలో తెలుస్తాది గానీ మన దిక్కు ఎవరికి తెలుసు! ఇంక ఒక్క ముక్క కూడా వెయ్యొద్దు. నేను వచ్చి సూదులేస్తా."

గుండె దెబ్బ తింటుంది అన్న మాట దగ్గర ఆదిశేషమ్మ చెవులు మూసుకుపోయాయి. గోడ పట్టుకుంది. మేక గురించి మాత్రమే అడగాలనుకున్న మనిషి, నోటికొచ్చింది అనేసింది. "మరి మనిషి తింటే? ఎన్నాళ్లకి పోతారు మేడమ్?"

శిల్ప ఒక్క క్షణం ఆమెను పరకాయించి చూసింది. "ఎవరు తిన్నారు?"

"నా కూతురు. పచ్చి బాలింత. మేక తిని బాగుండాదని నేనే పెట్టినా."

"తోలు తినిందా?"

"తోలెందుకు తింటాది? లోపలి గుజ్జు."

"మరింకేం! మేక తినింది తోలు, మీ అమ్మాయి తినింది గుజ్జు. గుజ్జు మనుషులకి మంచిదే. నేనూ తింటా. బాలింతకి ఇంకా మంచిది. పెద్దమ్మా, పడిపోతావు, కూర్చో ముందు."

ఆదిశేషమ్మ కూర్చోలేదు, కూలబడింది. మంచిదే అన్న మాట చెవిన పడింది గానీ మనసు నమ్మలేదు. చేతికి ఇంకా ఆ వేడి తగులుతూనే ఉంది. "మంచిదైతే నా కూతురు రొమ్ములు ఎందుకు రాళ్లైనాయి మేడమ్? జరమెందుకు? అచ్చం బొల్లికి అయినట్టే ఉండాది."

"బిడ్డ పాలు తాగుతున్నాడా?"

"నేనే మాన్పించినా. నిన్న పొద్దుటి నుంచి."

శిల్ప నుదురు కొట్టుకుంది. "అదే మరి! నేను పశువుల డాక్టర్ని, మనుషులకి వైద్యం చెప్పకూడదు. అయినా ఇది ఏ తల్లైనా చెప్తాది. పాలు తియ్యకుండా ఉంటే గడ్డకట్టి జరం రాదా? మేకని ఒక రోజంతా పిండకుండా వదిలేస్తావా నువ్వు?"

వదలదు. మేకను ఒక్క పూట వదలదు. ఆదిశేషమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కూతురు బతుకుతుంది! విషం లేదు, ఏం లేదు. అంతా తన భయం చేసిన పని. చేతులెత్తి డాక్టరుకు దణ్ణం పెట్టబోయింది.

"ఆగు పెద్దమ్మా," అంది శిల్ప. గొంతు మారింది. "తల్లి పాలు మాన్పించి బిడ్డకి ఏం పట్టినావు?"

"మేకపాలు."

"ఏ మేకలవి?"

ఎత్తిన చేతులు గాలిలోనే ఉండిపోయాయి. ఏ మేకలవి! దొడ్డిలో ఉన్నవాటివి. ఆ తోళ్లు తిన్నవాటివి. అందులో ఒకటి ఈ పొద్దున పొదుగు గట్టిపడిన ఎర్రమేక. అమృతంలాంటి తల్లి పాలను విషమని లాగేసి, విషం మేసిన మేకల పాలు తెచ్చి తన చేత్తో, ఉగ్గుగిన్నెతో, ఒక్కో చుక్కా వాడి నోట్లో పోసింది. ఇంతసేపూ కూతురి గురించి పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

శిల్పే కదిలింది. తోళ్లు ఎక్కడివో అడిగి తెలుసుకుని, శ్రీదివ్యకు ఫోన్ చేసి, అవి ఇంకెవరికీ మేతకు ఇవ్వొద్దని చెప్పి, సంగతి చెప్పింది. శ్రీదివ్య అవతల గొల్లుమంది. కొట్టు అట్లానే వదిలేసి, మొగుణ్ణి పండ్ల వ్యానుతో సహా లాక్కుని వచ్చింది. "నేను చెప్పిన పండు కదక్కా, నేనిచ్చిన తోళ్లే కదక్కా," అని అదే మాట. ఆత్మకూరులో పిల్లల డాక్టరు ఉన్నాడు, ఆయన దగ్గరికే పోదామన్నారు. మధులతను, పిల్లాణ్ణి ఎక్కించుకుని వింజమూరు మీదుగా వ్యాను పరిగెత్తింది. నాగార్జున హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

దారిలో ఆదిశేషమ్మ అన్నీ చెప్పేసింది. పండు పథ్యానికి విరుద్ధమని తెలిసీ పెట్టడం, ముందు బొల్లికి పెట్టడం, బొల్లి చావడం, ముక్కు దిబ్బడని అబద్ధమాడటం, మేకపాలు. కూతురి మొహం చూడలేక కాళ్ల దగ్గర పరుచుకున్న గోనెపట్టను చూస్తూ చెప్పింది.

మధులత వ్యాను కుదుపుకు ఛాతీ నొప్పెట్టి పళ్లు బిగించింది. "నన్ను మేకల్తో జమకట్టినావామ్మా?" అంది. "మేక చస్తే నేనూ చస్తానని నీకు నువ్వే అనుకుని, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా నా బిడ్డని లాక్కుంటివే! అడిగినా కదా ఇయ్యమని? ఎంత ఏడ్చినా ఇయ్యకపోతివే!"

"భయమేసింది మధూ."

"నాకు చెప్పుంటే నేనూ భయపడి ఉందును గదా. ఇద్దరం కలిసి యాడికైనా పోయుందుము గదా!"

పిల్లాడు మధులత ఒడిలో కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రో, మరేదో తెలియలేదు. ఆదిశేషమ్మ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. కాసేపటికి మళ్లీ పెట్టి చూసింది.

పిల్లల డాక్టరు పెద్దాయన. వాణ్ణి తిప్పి, ఒత్తి, గుండె విని, అంతా ఓపిగ్గా విన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇంత పసివాడికి మేకపాలు పట్టకూడదమ్మా. అందులో ఆ తోలు విషం ఏమైనా కలిసిందా అంటే నేను కచ్చితంగా చెప్పలేను. ఇప్పటికైతే గుండె బాగానే కొట్టుకుంటోంది. ఒంట్లో నీరు తగ్గింది. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి. తల్లి పాలు తాగాలి, ఉచ్చ పోయాలి. ఆ రెండూ జరిగితే భయపడక్కరలేదు."

"జరక్కపోతే?" అని శ్రీదివ్య అడిగింది. ఆయన నర్సును పిలిచి, తల్లి జ్వరానికి మందు ఇమ్మని చెప్పి, వేరే పిల్లవాడి దగ్గరికి వెళ్లాడు.

ఆసుపత్రి వెనక గదిలో మంచం ఇచ్చారు. మధులత పిల్లాణ్ణి రొమ్ముకు పెట్టుకుంది. వాడు పట్టలేకపోయాడు. గట్టిపడి ఉబ్బిన రొమ్ము వాడి చిన్న నోటికి అందడం లేదు. రెండుసార్లు ప్రయత్నించి, మొహం తిప్పేసుకుని, ఏడవడానికి కూడా ఓపిక లేక గొంతులో కీచుమన్నాడు. నర్సు వేడినీళ్లు, బట్ట తెచ్చిచ్చి, కాపడం పెట్టి చేత్తో కాసిన్ని పాలు తీసేస్తే మెత్తబడుతుంది అని చెప్పి పోయింది. మధులత తానే తీసుకోబోయింది. చెయ్యి తగలగానే కెవ్వుమంది.

ఆదిశేషమ్మ లేచి దగ్గరికి వచ్చింది.

"నువ్వు ముట్టుకోవద్దు," అంది మధులత.

ఆదిశేషమ్మ ఆగిపోయింది. శ్రీదివ్య తల దించుకుంది. పిల్లాడు మళ్లీ కీచుమన్నాడు, ఈసారి ఇంకా చిన్నగా. మధులత వాడి వైపు చూసింది, తల్లి చేతుల వైపు చూసింది. కళ్లు తుడుచుకుని పైట తీసేసింది.

ఆదిశేషమ్మ బట్ట వేడినీళ్లలో ముంచి, పిండి, కాపడం పెట్టింది. తర్వాత వేళ్లతో పైనుంచి కిందికి, మెల్లగా, గడ్డ ఉన్నచోట ఆగి ఆగి నిమిరింది. తొలిచూలు మేకను కూడా అలాగే నిమురుతుంది, అది బెదరకుండా. కూతురు దిండు కొరుక్కుని ఓర్చుకుంది. ఆదిశేషమ్మకు ఒక్కటే దడ. చుక్క ఎలా వస్తుంది? బొల్లికి వచ్చినట్టు విరిగిన నీళ్లు వస్తే? డాక్టర్లు ఎంత చెప్పినా, ఆమెకు తెలిసిన సాక్ష్యం ఆ చుక్క ఒక్కటే. చూడటానికి ధైర్యం చాలక కళ్లు మూసుకుని నొక్కింది.

"అమ్మా, వస్తుండాయి," అంది మధులత.

కళ్లు తెరిచింది. తెల్లగా, చిక్కగా, ఒకటి వెనక ఒకటి, తర్వాత సన్నని ధారగా. ఆదిశేషమ్మ మణికట్టు మీద పడి గాజుల దాకా జారాయి. ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చెయ్యి ఆపలేదు, మెత్తబడేదాకా తీసి, పిల్లాణ్ణి అందుకుని కూతురి ఒడిలో పెట్టింది. వాడు తడుముకున్నాడు, జారాడు, మళ్లీ తడుముకుని పట్టుకున్నాడు. గుటక పడిన చప్పుడు ఆ గదిలో ముగ్గురు ఆడవాళ్లకూ వినబడింది.

ఇక రెండోది మిగిలింది. ముగ్గురూ వాడి నడుముకు చుట్టిన గుడ్డ వంక చూస్తూ కూర్చున్నారు. కిటికీలో ఎండ గోడ మీదికి ఎక్కి పల్చబడింది. ఆదిశేషమ్మ గుడ్డ తడిమింది, పొడిగా ఉంది. మళ్లీ తడిమింది, పొడిగానే ఉంది. పెంచలకోన నరసింహస్వామికి మొక్కింది. డాక్టరు ఒకసారి వచ్చి చూసి పోయాడు. మధులత రెండో పక్క పాలిచ్చి, వాణ్ణి భుజాన వేసుకోమని తల్లికి అందించింది. అప్పుడు ఉచ్చ పోశాడు మహానుభావుడు! ఆదిశేషమ్మ జాకెట్టూ చీరా తడిసి ముద్దయ్యేలా, వెచ్చగా పోశాడు.

"పోసినాడు!" అని ఆవిడ పెట్టిన కేకకు బయట కుర్చీలో కునుకుతున్న నాగార్జున లేచి పరిగెత్తుకొచ్చాడు.

డాక్టరు మళ్లీ చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. మరో రెండు రోజులు కనిపెట్టి ఉండమన్నాడు. శ్రీదివ్య గుమ్మం దగ్గర నిలబడి, ఆ పండు మాటేమిటి సార్ అని అడిగితే నవ్వాడు. "పండు ఏం చేసిందమ్మా? రక్తహీనత ఉన్న తల్లికి మంచి తిండే. పెట్టండి. ఆ పాత పథ్యాలతోనే వీళ్లు నీరసపడతారు. తోలు, గింజ మాత్రం మేకలకు అందకుండా పూడ్చేయండి."

ఎర్రమేక బతికింది. పాలు మాత్రం ఆ ఈతకు మళ్లీ రాలేదు. పిల్లాడు మర్నాడూ తాగాడు, తడిపాడు, ఆ మర్నాడూ అంతే. ఆదిశేషమ్మ మాత్రం వాడు నిద్రపోతే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టడం మానలేదు.

ఓ పొద్దున శ్రీదివ్య రెండు పండ్లు తెచ్చి గడప మీద పెట్టి, లోపలికి రావడానికి మొహం చెల్లక వెళ్లిపోయింది. మధులత చూసింది. "అమ్మా, ఒకటి కొయ్యి."

"ఇప్పుడెందుకులే మధూ."

"డాక్టరు తినమన్నాడు కదా. ఆకలిగా ఉండాది. కొయ్యి."

ఆదిశేషమ్మ కత్తి తీసుకుంది. తోలు ఒలిచింది. కంప అవతల మేకలు వాసన పట్టి గొంతెత్తి అరిచాయి, రోజూ పెట్టే చెయ్యి కదా. ఆవిడ ఆ తోళ్లు, గింజ ఒక్క ముక్క వదలకుండా ఏరి, గుంటలో వేసి, మన్ను కప్పి, పైన రాయి దొర్లించి వచ్చింది. గుజ్జు గిన్నెలో మెదిపింది. కూతురి దగ్గరికి తీసుకుపోయి, ఇవ్వకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"ఇయ్యమ్మా."

ఇవ్వలేదు. చెంచా నిండా తీసుకుని తన నోట్లో పెట్టుకుంది. ఇన్నాళ్లూ గోతాలు మోసింది, ఒలిచింది, పిసికింది గానీ, ఒక్కసారైనా ఆ పండు నాలుక మీద పెట్టుకోలేదు. చప్పగా, జిడ్డుగా ఉంది. కష్టం మీద మింగింది. మింగి మంచం అంచున కూర్చుని, గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం చేస్తుండావు?"

"ఉండు. రవ్వంత సేపు చూద్దాం."

మధులతకు ఆ పద్ధతి తెలుసు. తెల్లారేదాకా చూస్తుందని కూడా తెలుసు. వ్యానులో వచ్చిన కోపం ఇంకా లోపల ఎక్కడో ఉంది. అయినా తల్లి పక్కకు జరిగి కూర్చుంది. గుండె మీద ఉన్న ఆ కాయలు కాచిన చెయ్యి కింద తన చెయ్యి దూర్చి పెట్టి చూసింది. దడదడా కొట్టుకుంటోంది.

"బాగానే ఉండావులే," అని రెండో చేత్తో గిన్నె లాక్కుంది.